మారుమూల ఎవరికి? తండా, పెంట అనే మాటల వెనుక మన చరిత్ర

ప్రతి ఏడాది జూన్‌లో హాస్టల్ తెరిచిన రోజు అడ్మిషన్ రిజిస్టరు ముందేసుకొని కూర్చుంటాం. పేరు, తండ్రి పేరు, తరగతి గబగబా నిండిపోతాయి. 'స్వగ్రామం' అనే గడి దగ్గరికి వచ్చేసరికి పిల్లల గొంతు తగ్గుతుంది.

"మీది ఏ ఊరు బిడ్డా?"

"అచ్చంపేట మేడం."

"అచ్చంపేటల యాడ?"

"అచ్చంపేట దగ్గర..."

ఇంకో రెండు సార్లు అడిగితే గానీ అసలు పేరు బయటికి రాదు. నల్లమల లోపలి ఒక చెంచు పెంట పేరు చెబుతుంది. వెనక వరుసలో ఉన్న పిల్లలు కిసుక్కున నవ్వుతారు. 'పెంట' అంటే వాళ్ళకు తెలిసిన అర్థం ఒక్కటే, చెత్తకుప్ప. ఆ పిల్ల తల వంచుకుంటుంది.

దేవరకొండ, చందంపేట వైపు నుంచి వచ్చే లంబాడి పిల్లలదీ ఇదే తీరు. తండా పేరు అడిగితే మండలం పేరు చెబుతారు. వాళ్ళను తప్పుపట్టే హక్కు మాకు లేదు. టీచర్ ట్రైనింగ్‌కు పోయిన రోజుల్లో మేమూ మా తండా పేరు మింగేసి 'దేవరకొండ' అనే చెప్పుకున్నాం. ఇన్నేళ్ళ తర్వాత, రిజిస్టరుకు ఇవతలి పక్కన కూర్చున్నాక, ఒక ప్రశ్న మమ్మల్ని వదలడం లేదు. మన ఇంటికి మనం పెట్టుకున్న పేరు మనకే సిగ్గుపడే మాట ఎట్లా అయింది? ఈ సంచికలో దాని గురించే నాలుగు మాటలు రాస్తున్నాం.

దూరాన్ని ఎక్కిరించే మాటలు

దూరపు ఊళ్ళను, ఆ ఊళ్ళ మనుషులను చిన్నచూపు చూసే మాటలకు తెలుగులో కొదవ లేదు. పెద్దవాళ్ళు చెప్పే కథల్లో కాకులు దూరని కారడవి, చీమలు దూరని చిట్టడవి ఉంటాయి. కాకి దూరకపోయినా అక్కడ మనుషులు ఉంటారన్న సంగతి కథకు గుర్తురాదు. ఎవరినైనా పనికిరాని చోటికి తరిమేస్తే 'శంకరగిరి మాన్యాలు పట్టించిండ్రు' అంటారు. ఆ శంకరగిరి ఎక్కడుందో అనేవాళ్ళను అడిగి చూడండి, చెప్పగలిగినవాళ్ళు అరుదు.

పట్నం మర్యాద తెలియనివాణ్ణి 'ఎర్రబస్సు ఎక్కి వచ్చినోడు' అంటారు. ఈ మాటకు మన దగ్గర ఒక చరిత్ర కూడా ఉంది. నిజాం ప్రభుత్వం 1932లో 27 బస్సులతో రోడ్డు రవాణా శాఖను మొదలుపెట్టింది. అదే తర్వాత ఆర్టీసీ అయింది. పల్లెలను పట్నంతో కలిపింది ఆ బస్సే. అంతకుముందు నడిచో, బండి కట్టుకొనో పోయినవాళ్ళు బస్సెక్కి పట్నంలో దిగారు. దిగినవాళ్ళను చూసి, ముందే అక్కడ ఉన్నవాళ్ళు ఆ బస్సు పేరునే తిట్టుగా మార్చారు. ఇప్పటికీ ఎన్నో తండాలకు ఆ ఎర్రబస్సు రోజుకు ఒకటి రెండు ట్రిప్పులు వస్తే అదే గొప్ప.

ఉర్దూ నుంచి వచ్చిన మాటలు వేరే ఉన్నాయి. ఊరివాడు 'దేహాతీ', అడవివాడు 'జంగ్లీ'. దేహాత్ అంటే పల్లెలు, జంగల్ అంటే అడవి. రెండూ మంచి మాటలే. వాటి చివర ఒక దీర్ఘం చేరి మనిషి మీదికి వచ్చేసరికి తిట్లు అవుతాయి.

సర్కారు కొలువుల్లోని మాటలు ఇంకో రకం. 'ఇంటీరియర్' అంటారు, 'పనిష్మెంట్ పోస్టింగ్' అంటారు. టీచర్ల బదిలీల్లో రోడ్డు, బస్సు సరిగా లేని ఊరు నాలుగో కేటగిరీ కిందికి వస్తుంది. అక్కడ పనిచేసిన ప్రతి ఏడాదికి పాయింట్లు ఎక్కువ. కష్టానికి లెక్క కట్టడం న్యాయమే. కానీ ఆ లెక్క స్టాఫ్ రూముల్లో 'ఫోర్త్ కేటగిరీ ఊరు' అనే ఎత్తిపొడుపుగా మారింది. మా మొదటి పోస్టింగ్ ఆర్డరు వచ్చినప్పుడు బంధువులు అడిగిన మొదటి మాట, "ఏ మూలకేసిండ్రమ్మా?" మేము కూడా నిట్టూర్చి "ఇంటీరియరే" అన్నాం. అది మేము పుట్టి పెరిగిన తండాకు పది పన్నెండు కిలోమీటర్ల దూరంలోనే ఉందని అప్పుడు మాకు తట్టలేదు.

నడిచే ఊరు: తండా

తండా అనే మాట మొదట ఊరికి పేరు కాదు. సరుకు ఎత్తిన ఎద్దుల మందతో, ఆలుపిల్లలతో కలిసి నడిచే బిడారుకు పేరు. ధాన్యం, ఉప్పు ఎద్దుల మీద వేసుకొని దేశమంతా తిరిగిన బంజారాల గుంపే తండా. 17వ శతాబ్దంలో గోల్కొండ రాజ్యానికి వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే, ఒక్కో బిడారులో పది పన్నెండు వేల ఎద్దులు ఉండేవని రాశాడు. అవి ఎదురైతే ఇరుకు దారుల్లో రోజుల తరబడి ఆగాల్సి వచ్చేదట. దక్కన్ మీదికి వచ్చిన మొగలు సైన్యాలకు తిండిగింజలు మోసింది కూడా ఈ తండాలే.

అంటే, ఆ రోజుల్లో తండా మారుమూలన లేదు. రాజ్యాలకు ఉప్పూ గింజా అందించే దారి మీద ఉంది. తండాకు ఒక నాయక్, పక్కన కార్బారి. ఎక్కడ ఆగాలో, ఎటు పోవాలో, తగువు వస్తే ఎట్లా తీర్చాలో వాళ్ళే చూసుకునేవాళ్ళు. మనవాళ్ళు తమను 'గోర్' అనుకున్నారు, బయటివాళ్ళను 'కోర్' అన్నారు. ప్రతి జాతీ తానున్న చోటునే నడిమిట్ల పెట్టుకొని లోకాన్ని చూస్తుందనడానికి ఈ రెండు మాటలు చాలు.

ఆ నడకను రైలు ఆపింది. వాడి నుంచి సికింద్రాబాదుకు 1874లో, అక్కడి నుంచి బెజవాడకు 1889లో రైలు దారి పడింది. సరుకు రైలెక్కాక ఎద్దుకు పని పోయింది. ఉప్పు మీద బ్రిటిష్ ప్రభుత్వం పెత్తనం పెట్టడంతో ఆ వ్యాపారమూ చేజారింది. దానికి తోడు 1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం, తిరుగుతూ బతికే జాతులను దేశంలో చాలాచోట్ల అనుమానపు చూపు కిందికి తెచ్చింది. పని పోయిన బిడార్లు గడ్డి, నీళ్ళు దొరికిన చోట నిలిచిపోయాయి. మంచి నల్లరేగడి భూములు అప్పటికే ఊళ్ళవాళ్ళ చేతుల్లో ఉన్నాయి. మిగిలింది దిండి వాగు ఇరుపక్కల రాళ్ళ నేలలు, గుట్టల వాలు, అడవి అంచు. నడిచే తండా అక్కడ గుడిసె వేసుకుంది. నాయక్ పేరే తండా పేరు అయింది. దారి మీద బతికినవాళ్ళు దారి లేని చోట స్థిరపడ్డారు.

1990ల చివర, 2000ల మొదట్లో పత్రికల్లో దేవరకొండ తండాల పేరు ఆడశిశువుల అమ్మకాల వార్తలతోనే వినబడింది. ఆ బాధ నిజం. దాని వెనుక కరువు, అప్పు, కట్నం ఉన్నాయి. అయితే వార్త చదివినవాళ్ళకు కరువు గుర్తులేదు, తండా అనే మాట గుర్తుండిపోయింది. అప్పట్లో చదువుకు పట్నం పోయిన మా ఈడు ఆడపిల్లలను, "మీ దిక్కు పిల్లలను అమ్ముతారట గదా?" అని అడిగినవాళ్ళు ఎందరో.

అడవిలో ఇల్లు: పెంట

నల్లమలలో చెంచుల నివాసం పేరు పెంట. అప్పాపూర్ పెంట, మల్లాపూర్ పెంట, ఈర్లపెంట అని ఎన్నో ఉన్నాయి. కృష్ణకు అవతల ఆంధ్ర వైపున గూడెం అన్న మాట ఎక్కువ వాడతారు, మన అమ్రాబాద్ దిక్కున పెంట. నాలుగైదు ఇళ్ళో, పదీ ఇరవై ఇళ్ళో ఉంటాయి. పూర్వం నీళ్ళను బట్టి, ఇప్పపూల కాలాన్ని బట్టి పెంట ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలేది. అట్లాగని ఇష్టం వచ్చిన చోట కాదు. ఏ పెంటవాళ్ళు ఏ వాగు దాకా గడ్డలు తవ్వుకోవాలో, ఏ గుట్ట మీద తేనె తీసుకోవాలో వాళ్ళకు హద్దులు తెలుసు. హైమెండార్ఫ్ 1940లో ఈ పెంటల్లో ఉండి, చెంచుల మీద 1943లో పుస్తకం అచ్చువేశాడు. చెంచుల జీవితాన్ని అంత ఓపికగా రాసిన పుస్తకానికి కూడా ఉపశీర్షిక 'దక్కన్ అడవి జనం' అనే అర్థం వచ్చేట్టే పెట్టారు.

ఇక పెంట అనే మాట సంగతి. పట్నంలో 'అంతా పెంట చేసిండు' అంటే పాడుచేశాడని. కానీ పాలమూరు రైతును అడగండి. ఎండాకాలంలో బండి కట్టి 'పెంట తోలుతున్నం' అంటాడు. అంటే చేనుకు పశువుల ఎరువు తోలుతున్నాడు. పెంట ఎంత ఉంటే ఆ ఇంటికి అంత పాడి, ఆ చేనుకు అంత బలం. పశువూ చేనూ లేని చోటనే ఆ మాట చెత్త అయింది. చెంచు నోట అది ఇల్లు, రైతు నోట ఎరువు, పట్నం నోట తిట్టు. అందరి నోటా మాట ఒక్కటే, పలికేవాళ్ళ బతుకులు వేరు.

అదే అడవికి దొరలు పెట్టిన పేరు కూడా చూడండి. నిజాం కాలంలో వేట కోసం, చల్లగాలి కోసం పెద్దలు వచ్చిన పీఠభూమికి ఫరహాబాద్ అని పేరు. 'ఫరహ్' అంటే సంతోషం. సంతోషాల ఊరన్న మాట. ఇంగ్లీషువాళ్ళు దాన్నే 'మౌంట్ ప్లెజెంట్' అన్నారు. విడిదికి వచ్చినవాళ్ళకు సంతోషాల కొండ అయిన చోటు, అక్కడ పుట్టినవాళ్ళ చిరునామాగా రాస్తే కీకారణ్యం అవుతుంది.

కాగితం మీది పేర్లు

మారుమూలను తయారుచేసింది నాలుక ఒక్కటే కాదు, కాగితం కూడా. నిజాం కాలపు రెవెన్యూ మాటలు మన దగ్గర ఇంకా బతికే ఉన్నాయి. మౌజా అంటే లెక్కలోకి వచ్చే ఊరు. మజ్రా అంటే దానికి అనుబంధంగా ఉన్న చిన్న నివాసం. అరబ్బీలో ఆ మాటకు మూలార్థం సాగు చేసే చోటు. జనం లేని రెవెన్యూ గ్రామాన్ని 'బేచిరాగ్' అంటారు. చిరాగ్ అంటే దీపం. బేచిరాగ్ అంటే దీపం వెలగని ఊరు. ఎంత అందమైన మాట, ఎంత దుఃఖం ఉన్న మాట!

మన తండాలు, పెంటలు ఆ లెక్కల్లో ఎక్కడో ఒక పెద్ద ఊరి 'శివారు'. తర్వాత 'హామ్లెట్' అన్నారు, ఇప్పుడు 'ఆవాసం' అంటున్నారు. పేరు మారినా పని మారలేదు. రేషన్‌కు, ఓటుకు, సర్టిఫికెట్‌కు పెద్ద ఊరికి నడవాలి. తండాలో దీపం వెలుగుతూనే ఉంది, కాగితంలో మాత్రం వేరే ఊరి పేరు కింద వెలుగుతోంది.

మనుషులకూ అట్లాంటి పేర్లే పెట్టారు. చెంచులను 1975-76లో ప్రభుత్వం 'ఆదిమ గిరిజన తెగ'ల్లో చేర్చింది. వాళ్ళ అభివృద్ధికి ప్రత్యేకంగా ఐటీడీఏ పెట్టారు. ఇప్పుడు మన వైపు అది మన్ననూరులో ఉంది. మేలు జరిగింది, కాదనడం లేదు. కానీ బడిలో చదివే పిల్ల తన సర్టిఫికెట్‌లో 'ఆదిమ' అన్న మాట చూసి, "మేము పాత మనుషులమా మేడం?" అని అడిగితే ఏమని చెప్పాలి? 2006లో కేంద్రం ఆ మాట తీసేసి 'ప్రత్యేకించి బలహీన గిరిజన సమూహాలు' అని మార్చింది. మాట మారింది, మన ఆఫీసుల్లో వాడుక మాత్రం ఇంకా పూర్తిగా మారలేదు.

దూరం కూడా మారుతుంది

మారుమూల అంటే ఎక్కడి నుంచి మారుమూల? ఈ ప్రశ్న వేసుకుంటే చరిత్ర వేరుగా కనబడుతుంది. 14, 15 శతాబ్దాల్లో రేచర్ల పద్మనాయకుల రాజధానులు రాచకొండ, దేవరకొండ. దేవరకొండ కోటలో నిలబడి చూసినవాడికి మారుమూల ఎక్కడో ఉండి ఉంటుంది. హైదరాబాదు నగరం పుట్టింది 1591లో. పట్నం అనేది పుట్టకముందే మన గుట్టల మీద కోటలు ఉన్నాయి.

శ్రీశైలం మల్లన్న దగ్గరికి ఉత్తర ద్వారం అచ్చంపేట దగ్గరి ఉమామహేశ్వరం అంటారు. ఆ అడవి దారిలో యాత్రికులకు తోడు నడిచింది చెంచులే. ఇప్పటికీ చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతర వచ్చిందంటే, మిగతా ఏడాదంతా 'జంగల్' అన్న చోటికే జనం వేలల్లో లోయలు దిగి వస్తారు. ఆ నాలుగు రోజులు నల్లమల లోకానికి నడిమిట్ల ఉంటుంది.

పాలమూరు పేరుదీ వింత కథే. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరు మీద 1890లో అది మహబూబ్‌నగర్ అయింది. కాగితాల మీద కొత్త పేరు, జనం నోట పాత పేరు. కరువుకు తట్టాబుట్టా పట్టుకొని పనికి పోయినవాళ్ళతో పాటు ఆ పాత పేరే బయటి దేశాలకు పోయింది. దాన్నే మన దిక్కు 'దేశం పోవుడు' అంటారు. ప్రాజెక్టుల కట్టల మీద, బొంబాయి భవనాల కింద 'పాలమూరు లేబర్' అనే మాట పుట్టింది. కాంట్రాక్టరు నోట అది చవగ్గా దొరికే కూలీకి పేరు. ఆ చేతులు కట్టిన కట్టలెన్నో నీళ్ళు నింపాయి. పేరులో ఉన్న చిన్నచూపును మాత్రం ఆ నీళ్ళు కడగలేదు.

మరో సంగతి. ఎవరికీ పట్టని అడవి అనుకున్నది, దాని కింద యురేనియం ఉందనేసరికి అందరిదీ అయింది. 2019లో అమ్రాబాద్, పదర ప్రజలు రోడ్ల మీదికి వచ్చారు. ఆ ఏడాది సెప్టెంబరు 16న శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. పులుల అభయారణ్యం నుంచి సార్లపల్లి, కుడిచింతలబైలు వంటి నివాసాలను బయటికి తరలించే మాట కూడా ఏళ్ళుగా నడుస్తోంది. మనుషులు లేని చోటని పేరు పడితే, ఉన్న మనుషులను కదిలించడం తేలిక. అందుకే మాటలను తేలిగ్గా తీసుకోలేం.

ఇది మన ఒక్కరి కథ కాదు

ఇంగ్లీషులో మారుమూల ప్రాంతాన్ని వెటకారంగా 'బూన్‌డాక్స్' అంటారు. అది ఫిలిప్పీన్స్‌లోని తగలోగ్ భాషలో 'బుండోక్' అనే మాట. దాని అర్థం కొండ, అంతే. 1899 తర్వాత అక్కడ యుద్ధానికి పోయిన అమెరికా సైనికులు ఆ మాటను ఇంటికి పట్టుకుపోయారు. వాళ్ళ నోట అది దిక్కులేని చోటు అయింది. ఫ్రెంచివాళ్ళు మారుమూల పల్లెను 'బ్లేద్' అంటారు. అల్జీరియా అరబ్బీలో ఆ మాటకు అర్థం దేశం, సొంత ఊరు.

తగలోగ్ కొండ, అల్జీరియా సొంత ఊరు, బంజారా తండా, చెంచు పెంట. నాలుగూ ఎవరో ఒకరు ప్రేమగా తమ చోటును పిలుచుకున్న మాటలే. బయటినుంచి అధికారంతో వచ్చినవాళ్ళు వాటిని విన్నారు, నేర్చుకున్నారు, వాటితోనే ఆ మనుషులను తక్కువ చేశారు. మాటలో తప్పు లేదని ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

బోర్డు మీదికి వచ్చిన తండా, బోర్డు దిగిన పెంట

తెలంగాణ ప్రాంత లంబాడీలకు 1976 చట్టంతో షెడ్యూల్డు తెగల గుర్తింపు వచ్చింది. 'మా తండాలో మా రాజ్యం' అన్న కోరిక తీరడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. 2018 పంచాయతీరాజ్ చట్టంతో 500 జనాభా దాటిన తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. వందశాతం గిరిజనులున్నవి 1,177. 2019 జనవరిలో ఎన్నికలు జరిగాయి. నిధులు సరిపోవు, కొన్నిచోట్ల ఆఫీసుకు సొంత గది లేదు, ఆ సమస్యలు ఉన్నాయి. కానీ ఒక పని జరిగింది. 'తండా గ్రామపంచాయతీ కార్యాలయం' అని బోర్డు లేచింది. రబ్బరు ముద్ర మీద తండా అన్న మాట పడింది. ఆ తర్వాత వచ్చిన పిల్లల్లో కొందరు రిజిస్టరు దగ్గర తండా పేరు గట్టిగానే చెప్పడం మేము గమనించాం. మాట అదే, దాని వెనుక ఒక ముద్ర చేరింది.

పెంటకు ఎదురైంది వేరే దారి. శ్రీశైలం రోడ్డు మీది దోమలపెంట, ఈగలపెంట పేర్లు చాలామందికి తెలుసు. ఈ మధ్య ప్రభుత్వం దోమలపెంటను బ్రహ్మగిరిగా, ఈగలపెంటను కృష్ణగిరిగా మార్చింది. అక్కడ ఉండేవాళ్ళను నవ్వులపాలు చేసే పేరు పోయిందని సంతోషించేవాళ్ళు ఉన్నారు. వాళ్ళ బాధ మాకు తెలుసు, మా రిజిస్టరు ముందు రోజూ చూస్తాం. 'ఈగలపెంట' అని చెప్పి నవ్వించుకోవడం ఎవరికి ఇష్టం? అయినా లోపల ఒక గుబులు. పేరును చూసి నవ్వినవాళ్ళు మారలేదు, పేరు మారింది. రేపు ఇంకో పెంట, ఎల్లుండి ఇంకోటి గిరులూ నగరాలూ అయితే, పెంట అనే మాటకు చెత్త అనే అర్థం ఒక్కటే మిగులుతుంది. చెంచుల ఇల్లు అనే అర్థం నిఘంటువులో కూడా దొరకదు.

తండా మాటను మనం వదల్లేదు, దానికి బోర్డు తెచ్చుకున్నాం. పెంట మాటకూ ఆ గౌరవం దక్కాలని మా ఆశ. అందుకు సంఘం పెద్దలకు ఒక్క విన్నపం. ఏ తండాకు ఏ నాయక్ పేరు వచ్చిందో, ఏ పెంట ఏ వాగు పక్కనుంచి ఏ వాగు పక్కకు కదిలిందో చెప్పగలిగిన ముసలివాళ్ళు ఇంకా కొందరున్నారు. వచ్చే సంచిక నాటికి మండలానికి పది పేర్లయినా వాళ్ళ నోట విని రాసుకుందాం. హాస్టల్ పిల్లలు సెలవులకు ఇంటికి పోయినప్పుడు ఆ పని చేయగలరు, చేయిస్తాం.

మా రిజిస్టరులో మాత్రం ఇప్పటికే ఒక మార్పు చేశాం. 'స్వగ్రామం' గడిలో మండలం పేరు రాయడం మానేశాం. పిల్ల అసలు పేరు చెప్పేదాకా ఆగుతాం. నవ్వినవాళ్ళను పిలిచి, పెంట అంటే ఏమిటో ఆ పిల్లనే చెప్పమంటాం. పోయిన జూన్‌లో ఒక ఏడో తరగతి పిల్ల లేచి చెప్పింది: "మా పెంటల పదకొండు ఇండ్లున్నయి. పొద్దుగూకితే అన్ని ఇండ్లల్ల దీపం పెడతరు."

ఆ రోజు వెనక వరుసలో ఎవరూ నవ్వలేదు.